బుద్ధి వేరు, ఎదుగుదల వేరు: మన బిడ్డలకు పెట్టిన పేర్ల చరిత్ర



ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, అప్పుల వసూలు లెక్కలు చదువుకుంటాం. ఈసారి లెక్కల పుస్తకానికి ఎక్కని ఒక సంగతి కూడా రాస్తున్నాం. మన సంఘాల్లో మీటింగుకు ఆలస్యంగా వచ్చి, సంతకం పెట్టి ముందుగానే లేచిపోయే తల్లులు కొందరు ఉంటారు. వాళ్ల ఇంట్లో ఒంటరిగా వదిలిపెట్టడానికి వీల్లేని బిడ్డ ఉంటుంది. ఒక ఇంట్లో పదేళ్లు దాటినా అన్నం తినిపించాల. ఇంకో ఇంట్లో బిడ్డకు అన్నీ అర్థమవుతాయి గానీ మాట రాదు, కాళ్లు బిగుసుకుపోతాయి. మరో ఇంట్లో పిల్లోడు ఎవరి కళ్లలోకీ చూడడు, ఒకటే పని గంటల తరబడి చేస్తాడు. ఊర్లో మాత్రం వీళ్లందరికీ కలిపి ఒకటే పేరు. తిక్కలోడు, లేకుంటే పిచ్చిది.

ఆ ఒక్క పేరుతో చానా నష్టం జరుగుతుంది. సదరం క్యాంపులో ఏ డాక్టరు ముందు కూర్చోవాల, బడిలో ఎట్లాంటి టీచరు కావాల, ఏ వైద్యానికి డబ్బు పెట్టాల, దేనికి పెట్టగూడదు అనేవన్నీ ఆ బిడ్డకు ఉన్నది ఏమిటో సరిగ్గా తెలిస్తేనే తేలుతాయి. అందుకే ఈ పేర్లు ఎట్లా పుట్టినాయి, ఎట్లా మారినాయి, చట్టంలోకి ఎట్లా వచ్చినాయి, మన కర్నూలు, కడప జిల్లాల దాకా ఎట్లా చేరినాయి అనేది ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ముందు తేడా ఏమిటో తెలుసుకుందాం

సేద్యం చేసే మనకు సేద్యం మాటతోనే చెప్పుకుంటే తొందరగా అర్థమవుతుంది. చెనక్కాయ వానకు పండే పంట. కంది, కొర్ర, ఆముదం కూడా వానకు పండేవే. వానకు పండే పంటలన్నీ చెనక్కాయ కాదు గదా. ఎదుగుదల వైకల్యం అనేది వానపంట అనే పెద్ద మాట లాంటిది. మేధో వైకల్యం, అంటే మనం ఇన్నాళ్లూ బుద్ధిమాంద్యం అంటున్నది, అందులో ఒక పంట.

ఎదుగుదల వైకల్యం అంటే బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, చిన్నతనంలోనో ఎదుగుదలకు అడ్డం పడి, జీవితాంతం ఉండేది. ఆ అడ్డం నడకలో ఉండొచ్చు, మాటలో ఉండొచ్చు, నేర్చుకోవడంలో ఉండొచ్చు, నలుగురితో కలవడంలో ఉండొచ్చు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం అన్నీ ఈ కుటుంబంలోవే.

మేధో వైకల్యం అని చెప్పాలంటే మూడు సంగతులు కలిసి ఉండాల. ఒకటి, ఆలోచించడం, నేర్చుకోవడం, లెక్క తేల్చుకోవడం వయసుకు తగ్గట్టు లేకపోవడం. డాక్టర్ల పరీక్షలో ఇది సుమారు 70 కంటే తక్కువ ఐక్యూగా కనిపిస్తుంది. రెండు, రోజువారీ పనుల్లో, అంటే తినడం, బట్టలు వేసుకోవడం, అంగడికి పోయి రావడం, నలుగురితో మెలగడం లాంటి వాటిలో వయసుకు తగిన నేర్పు లేకపోవడం. మూడు, ఇదంతా చిన్నతనంలోనే మొదలై ఉండడం. ఐక్యూ ఒక్కటే తక్కువైతే చాలదు. పరీక్షలో మార్కులు తక్కువ వచ్చి, సంతలో మేకల బేరం చక్కగా చేసుకొచ్చే పిల్లోడికి మేధో వైకల్యం అనే పేరు పెట్టడానికి లేదు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న చానామంది బిడ్డలకు బుద్ధి బాగానే ఉంటుంది. కండరాలకు మెదడు పంపే ఆజ్ఞ సరిగ్గా చేరదు కాబట్టి నోటి వెంట సొంగ కారుతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసేవాళ్లు బుద్ధే లేదనుకుంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి మేధో వైకల్యం కూడా ఉంటుంది, కొందరికి ఉండదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలకు చానావరకు ఎంతో కొంత మేధో వైకల్యం ఉంటుంది.

మానసిక జబ్బు ఈ కుటుంబంలోది కాదు. అది ఏ వయసులోనైనా రావచ్చు, బాగా చదువుకున్నవాళ్లకూ రావచ్చు. మందులతో, మాటల వైద్యంతో తగ్గొచ్చు. అట్లాగే నలభై ఏళ్ల మనిషి బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి మతిమరుపు వస్తే, అది ఎదుగుదల వైకల్యం కాదు. ఎదుగుదల అప్పటికే అయిపోయింది కాబట్టి.

పాత కాలంలో అందరికీ ఒకటే పేరు

భాగవతంలో జడభరతుడి కథ మనలో చానామందికి తెలుసు. మాట్లాడడు, పలకడు కాబట్టి లోకమంతా మొద్దు అనుకున్నారు. రహూగణుడనే రాజు పల్లకీ మోయడానికి పట్టుకుపోయినారు. తీరా నోరు విప్పితే ఆ రాజుకే జ్ఞానం చెప్పినాడు. మాట రాని మనిషికి బుద్ధి లేదనుకోవడం ఎంత పాత అలవాటో, అది తప్పని తెలియడం కూడా అంతే పాత సంగతి. అయినా మన మాటల్లో జడుడు, మందబుద్ధి, మొద్దు, వెర్రి, పిచ్చి అన్నీ కలగాపులగంగానే ఉండిపోయినాయి.

తెల్లవాళ్ల పాలనలో మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు కీల్పాకంలో పిచ్చాసుపత్రి 1871లో మొదలైంది. 1912లో ఇండియన్ లూనసీ యాక్ట్ అనే చట్టం వచ్చింది. ఆ చట్టంలో లూనాటిక్ అంటే ఎవరు అనే చోట, ఇడియట్ గానీ మనసు స్థిమితం లేని మనిషి గానీ అని రాసినారు. ఇడియట్ అనేది అప్పటి డాక్టర్ల భాషలో పుట్టుకతో మేధో వైకల్యం బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు వాడే మాట. అంటే పుట్టుకతో బుద్ధి ఎదగని బిడ్డను, నడి వయసులో మనసు చెదిరిన మనిషిని చట్టమే ఒక గాటన కట్టేసింది. ఆ చట్టం 1993 దాకా అమల్లో ఉండింది. ఊర్లో వాళ్లు ఇద్దరినీ పిచ్చోళ్లు అంటున్నారంటే, 80 ఏళ్లు సర్కారు కాగితం కూడా అట్లాగే అన్నదని గుర్తుపెట్టుకోవాల.

కొలత వచ్చింది, తిట్టు కూడా వచ్చింది

1905లో ఫ్రాన్సు దేశం పారిస్ నగరంలో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సీమోన్ అనే ఇద్దరు ఒక పరీక్ష తయారు చేసినారు. బడిలో వెనకబడిన పిల్లల్లో ఎవరికి ప్రత్యేకంగా చెప్పాల్నో తెలుసుకోవడానికి సర్కారు అడిగితే చేసింది అది. సాయం ఎవరికి కావాల్నో చూడడమే దాని ఉద్దేశం. అదే పరీక్ష అమెరికాకు పోయినాక హెన్రీ గొడార్డ్ అనే ఆయన చేతిలో మనుషులను వడ్డించి వేరు చేసే జల్లెడ అయింది. ఇడియట్, ఇంబెసిల్, మోరాన్ అని మెట్లు కట్టినారు. ఆ పేర్లు పడిన వాళ్లను చానామందిని సంస్థల్లో పెట్టి తలుపులు వేసినారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసినారు.

డాక్టర్లు పెట్టిన ఆ మూడు పేర్లూ ఇప్పుడు తిట్లే. ఆ తర్వాత మెంటల్ రిటార్డేషన్ అనే మాట వచ్చింది. మర్యాదగా ఉంటుందని పెట్టిన ఆ మాట కూడా బడిలో పిల్లలు ఒకరినొకరు ఎగతాళి చేసుకునే మాట అయిపోయింది. అమెరికాలో రోజా అనే డౌన్ సిండ్రోమ్ ఉన్న చిన్నపిల్ల కుటుంబం దీని మీద గట్టిగా నిలబడితే, 2010లో ఆ పిల్ల పేరుతోనే చట్టం చేసి, కేంద్ర చట్టాల్లో ఆ మాట తీసేసి మేధో వైకల్యం అనే మాట పెట్టినారు.

1935లో ఎడ్గార్ డాల్ అనే ఆయన వైన్‌ల్యాండ్ అనే ఊర్లో ఇంకో రకం కొలత తయారు చేసినారు. బిడ్డ చేత లెక్కలు చేయించడం కాకుండా, ఇంట్లో బిడ్డ ఏ పని తనంతట తాను చేసుకుంటుందో పెంచినవాళ్లను అడిగి రాసుకునే పద్ధతి ఇది. దీన్ని మన దేశానికి తగ్గట్టు మార్చుకుని ఇప్పటికీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు వాడుతున్నారు. అక్కడ తల్లి చెప్పే మాటే సాక్ష్యం. ఈ సంగతి మనం మళ్లీ చివర్లో చెప్పుకుందాం.

పెద్ద మాట ఎందుకు పుట్టింది

డాక్టర్లు ఒక్కొక్కటే వేరు చేస్తూ వచ్చినారు. 1860ల మొదట్లో విలియం లిటిల్ అనే ఇంగ్లండు డాక్టరు, కాన్పు కష్టమైన బిడ్డల కాళ్లు చేతులు బిగుసుకుపోవడం గురించి రాసినారు. అదే తర్వాత సెరిబ్రల్ పాల్సీ అయింది. 1866లో లాంగ్డన్ డౌన్ అనే డాక్టరు, ఒకే పోలికతో ఉండే పిల్లల గురించి రాసినారు. ఆయన పేరు మీదనే డౌన్ సిండ్రోమ్ అంటున్నాం. దానికి కారణం 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండడమని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్ బృందం బయటపెట్టింది. 1943లో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి రాసినారు.

పేర్లు పెరిగేకొద్దీ ఇంకో చిక్కు వచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డలకు ఇచ్చే సాయం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు అందదు. జబ్బు పేరు వేరైనా ఇంట్లో తల్లి పడే అవస్థ ఒకటే. ఎత్తుకోవాల, తినిపించాల, బడి వెతకాల, రేపటి గురించి భయపడాల. అందుకని 1970లో అమెరికా చట్టంలో ఎదుగుదల వైకల్యం అనే పెద్ద మాట చేర్చి, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ అన్నీ దాని కిందికి తెచ్చినారు. 1975లో ఆటిజం చేర్చినారు. 1978లో జబ్బుల జాబితా పక్కన పెట్టి, 22 ఏళ్ల లోపు మొదలై, రోజువారీ బతుకులో మూడు, అంతకంటే ఎక్కువ విషయాల్లో అడ్డం పడేది ఏదైనా ఇందులోకి వస్తుందని రాసుకున్నారు.

ఈ చరిత్రలో రెండు మాటల పని తెలుస్తుంది. చిన్న మాట, అంటే మేధో వైకల్యం అనేది, ఈ బిడ్డకు ఏమి నేర్పాల, ఎట్లా నేర్పాల అనేదానికి పనికొస్తుంది. పెద్ద మాట, ఈ తల్లులందరూ ఒకటిగా కూడి ఏమి అడగాల అనేదానికి పనికొస్తుంది. రెండూ కావాల్సినవే.

మన దేశం చట్టాల్లో

మన దేశంలో మొదటి గీత 1987లో పడింది. ఆ ఏడు వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, మానసిక రోగి అంటే బుద్ధిమాంద్యం కాకుండా వేరే మానసిక జబ్బుకు వైద్యం అవసరమైన మనిషి అని రాసింది. అది 1993లో అమలైంది. పిచ్చి వేరు, బుద్ధిమాంద్యం వేరు అని చట్టం ఒప్పుకున్నది అప్పుడే.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో 7 రకాల వైకల్యాలు లెక్కలోకి వచ్చినాయి. బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు రెండూ వేర్వేరుగా ఉన్నాయి. ఆటిజం లేదు. ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చినారు గానీ అది చూపు, వినికిడి, కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవాళ్లకే. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు దక్కలేదు.

1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు, ఈ నాలుగింటికీ కలిపి చేసిన చట్టం ఇది. ఎదుగుదల వైకల్యం అనే మాట రాయకపోయినా, మన దేశంలో ఆ పెద్ద కుటుంబాన్ని ఒకచోట చేర్చిన చట్టం ఇదే. మేం పోయినాక మా బిడ్డకు దిక్కెవరు అనే తల్లిదండ్రుల ప్రశ్న మీద పుట్టిన చట్టం. 18 ఏళ్లు నిండినాక కూడా తన పనులు తాను చూసుకోలేని బిడ్డకు సంరక్షకులను నియమించడానికి ప్రతి జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. ఆ కమిటీలో కలెక్టరు ఉంటారు. ఈ నాలుగు రకాల వాళ్లకు నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి 1 లక్ష రూపాయల దాకా.

2007లో మన దేశం ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. దానికి తగ్గట్టు 2016లో కొత్త చట్టం చేసినారు. 7 రకాలు కాస్తా 21 అయినాయి. మెంటల్ రిటార్డేషన్ పోయి మేధో వైకల్యం అనే మాట వచ్చింది. ఆటిజం, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా చేరినాయి. ఉద్యోగ రిజర్వేషన్ 4 శాతం చేసి, మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవాళ్లకు కూడా మొదటిసారి అందులో చోటు ఇచ్చినారు. 40 శాతం వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు అయింది. నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు అని కూడా ఈ చట్టంలో ఉంది.

ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాల. ఈ చట్టం జాబితాలో ఆటిజంను మేధో వైకల్యం అనే తల కిందనే రాసినారు. సెరిబ్రల్ పాల్సీని కాళ్లు చేతుల వైకల్యం కింద రాసినారు. డాక్టర్ల లెక్క ఒకటి, చట్టం లెక్క ఒకటి. అందుకే ఆటిజం ఉన్న బిడ్డ తల్లి కాగితం చూసి మా బిడ్డకు బుద్ధి లేదని రాసినారని భయపడనక్కర్లేదు. సెరిబ్రల్ పాల్సీకి తోడు మేధో వైకల్యం కూడా ఉన్న బిడ్డకు రెండూ పరీక్ష చేయించుకోవాల. ఒక్కటే చూపిస్తే శాతం తగ్గిపోవచ్చు.

తేడా తెలియడం ఒక ఆడపిల్ల బతుకును నిలబెట్టిన కేసు

2009లో చండీగఢ్‌లో సర్కారు వసతి గృహంలో ఉన్న ఒక అనాథ యువతి మీద అత్యాచారం జరిగింది. గర్భం వచ్చింది. ఆ అమ్మాయికి కొద్దిపాటి మేధో వైకల్యం ఉంది. బిడ్డను కంటానని ఆమె అన్నది. గర్భం తీసేయమని హైకోర్టు చెప్పింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. సంరక్షకుల మాట మీద గర్భం తీసేయడానికి చట్టం ఒప్పుకునేది మానసిక రోగి విషయంలోనే, మేధో వైకల్యం ఉన్న పెద్ద వయసు స్త్రీ విషయంలో ఆమె ఒప్పుకోవాల్సిందే అని ఆ ఏడు ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

1912 చట్టం మాదిరిగా ఇద్దరినీ ఒకటే అనుకుని ఉంటే ఆ అమ్మాయి నోరు ఎవరూ అడిగి ఉండరు. అంతకు ముందు 1994లో మహారాష్ట్రలోని శిరూర్ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల ఆడపిల్లలకు, ముట్టు శుభ్రత చూడడం కష్టమని గర్భసంచులు తీయించిన సంగతి దేశమంతా గగ్గోలైంది. మన ఊర్లలో కూడా ఇట్లాంటి బిడ్డ పెద్దమనిషి అయితే గర్భసంచి తీయించేద్దామా అనే మాట వస్తుంది. గర్భసంచి తీయిస్తే ముట్టు ఆగుతుంది గానీ ఆ బిడ్డను మోసం చేసేవాళ్లు ఆగరు. గుడ్డ మార్చుకోవడం, ఒంటి మీద చెయ్యి వేస్తే కేక పెట్టడం, అమ్మకు చెప్పడం చానామందికి ఓపికగా నేర్పితే వస్తాయి.

మన దగ్గరకు ఎట్లా చేరింది

తెలుగు నేల మీద ఈ బిడ్డల కోసం పని చానా ఆలస్యంగా మొదలైంది. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థను పెట్టింది. దేశమంతా ప్రత్యేక టీచర్లు తయారయ్యేదానికి అది పెద్ద దిక్కయింది. దాని పాత పేరులో మానసిక వికలాంగులు అని ఉండేది. ఇప్పుడు మేధో వైకల్యం ఉన్నవాళ్ల సాధికారత సంస్థ అని మార్చినారు. మన ఊర్ల నుంచి అంత దూరం బిడ్డను ఎత్తుకుని పోగలిగిన తల్లులు ఎంతమంది?

మన దగ్గర మార్పు తెచ్చింది సంఘాలే. 1993లో పొదుపులక్ష్మి పేరుతో రోజుకు రూపాయి పొదుపు మొదలైంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచింది. 2000 తర్వాత వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం వచ్చినాయి. ఆ రోజుల్లోనే వికలాంగుల సంఘాలు, మండల వికలాంగుల సమాఖ్యలు కట్టుకున్నారు. మాట్లాడలేని బిడ్డల తరఫున తల్లులు సభ్యులుగా చేరినారు. ఇంట్లో తలుపు వెనక ఉన్న బిడ్డ పేరు ఒక రిజిస్టరులోకి ఎక్కింది అప్పుడే.

తర్వాత సదరం వచ్చింది. సర్టిఫికెట్టు కంప్యూటరు మీద ఇవ్వడం మొదలైనాక ఆ కాగితం పింఛనుకు తాళంచెవి అయింది. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు. బడి వైపు నుంచి మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చినాయి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలై, అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను చూసి ఎదుగుదల ఆలస్యాన్ని ముందే పట్టుకుని జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటు వచ్చింది.

జనాభా లెక్కల్లో కూడా ఈ మార్పు కనిపిస్తుంది. 2001లో మానసిక వైకల్యం అని ఒకటే గడి ఉండింది. 2011లో బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు అని రెండు గడులు పెట్టినారు. అప్పుడే దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు సుమారు 15 లక్షల మంది అని వేరుగా తెలిసింది.

ఆదోని, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలకు మాత్రం ఇవన్నీ చేతికి అందీ అందకుండా ఉంటాయి. మిరపకాయలు, పత్తి ఏరేదానికి గుంటూరు వైపు పోయినప్పుడే ఊర్లో క్యాంపు పెడతారు, పిల్లలను చూసే బృందం వస్తుంది. ఎవరో ఒకరు ఆ కుటుంబానికి ఫోను చేసి చెప్పాల. ఆ ఎవరో సంఘమే కావాల.

తల్లి తప్పు కాదు

గ్రహణం నాడు బయటికి వచ్చింది, కడుపుతో ఉన్నప్పుడు ఏదో చూసింది, పోయిన జన్మ పాపం అని తల్లిని ఆడిపోసుకుంటారు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. కొన్ని క్రోమోజోములలో వస్తాయి, ఎవరి చేతిలోనూ ఉండవు. కొన్నింటిని మనం తగ్గించుకోవచ్చు.

మన రాయలసీమలో మేనమామకు, మేనబావకు ఇచ్చి చేయడం ఎక్కువ. ఆస్తి పోదని, తెలిసిన ఇల్లని చేస్తారు. తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో బయటపడే అవకాశం మేనరికంలో పెరుగుతుంది. మేనరికమైన ప్రతి ఇంట్లో ఇట్లా జరగదు. కానీ ఇంట్లో ఒక బిడ్డకు ఇప్పటికే ఉంటే తర్వాతి పెండ్లి, తర్వాతి కాన్పు ముందు డాక్టరును అడగడం మంచిది.

అయోడిన్ లేకపోతే కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. 2006 నుంచి తినే ఉప్పు అయోడిన్ లేకుండా అమ్మగూడదని దేశమంతా నియమం ఉంది. పశువులకు వాడే గళ్లుప్పు చౌక అని కూరలో వేయగూడదు. థైరాయిడ్ లోపంతో పుట్టిన బిడ్డకు మొదటి వారాల్లోనే మాత్ర మొదలుపెడితే బుద్ధి నిలబడుతుంది. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోయినా, పుట్టిన వారంలో పచ్చకామెర్లు ముదిరినా సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. కాబట్టి కాన్పు ఆసుపత్రిలోనే కావాల.

కర్నూలు జిల్లా మెదడువాపు జ్వరం చూసిన జిల్లా. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో అది పెద్ద ఎత్తున వచ్చింది. వరి మళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, నీటి కొంగల నుంచి ఆ క్రిమిని మనుషులకు తెస్తుంది. జ్వరం నుంచి బతికి బయటపడిన పిల్లల్లో కొందరికి మాట పోయింది, బుద్ధి తగ్గింది, ఫిట్స్ మిగిలినాయి. నిన్నటిదాకా బడికి పోయిన బిడ్డ ఇట్లా అయితే గాలి సోకిందన్నారు. అది కూడా ఎదుగుదల వైకల్యమే, గాలి కాదు. దానికి టీకా ఉంది. దోమతెర ఉంది.

ఇప్పుడు సంఘం చేయాల్సిన పని

మేధో వైకల్యాన్ని మాయం చేసే మందు లేదు. ఈ ఒక్క సంగతి ప్రతి సంఘంలో గట్టిగా చెప్పుకోవాల. నయం చేస్తామని నూనెలు, పసర్లు, సూదులు అమ్మేవాళ్ల కోసం సంఘం అప్పు తీసుకున్న తల్లులున్నారు. అప్పు మిగిలింది, బిడ్డ అట్లాగే ఉంది. అదే డబ్బుతో ఫిజియోథెరపీకి బస్సు చార్జీ పెట్టుకుంటే సెరిబ్రల్ పాల్సీ బిడ్డ కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి. ఫిట్స్‌కు, థైరాయిడ్‌కు మాత్రం మందు ఉంది. అది మానగూడదు. దేనికి మందు ఉంది, దేనికి నేర్పు ఉంది అనే తేడా తెలియడమే ఈ వ్యాసం అంతటికీ అసలు లాభం.

గ్రామ సమాఖ్య మీటింగులో ఈ పనులు ఎజెండాలో పెట్టుకోవచ్చు.

ఒకటి. ఊర్లో ఇట్లాంటి బిడ్డలు ఎవరెవరున్నారో రాసుకోవాల. తిక్కలోడు అని రాయగూడదు. నడుస్తుందా, మాట్లాడుతుందా, చెప్పింది అర్థమవుతుందా, ఫిట్స్ వస్తాయా, ఎప్పటి నుంచి ఇట్లా ఉంది అని ఐదు ప్రశ్నలు రాసుకుంటే చాలు. డాక్టరు అడిగేదీ అవే.

రెండు. తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోని బిడ్డ, ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డ, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పలేని బిడ్డ, పేరు పిలిస్తే తిరిగి చూడని బిడ్డ ఉంటే, పెద్దయితే వస్తాయిలే అని ఆగగూడదు. ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు ఆ వారమే చెప్పాల.

మూడు. సదరం క్యాంపుకు పోయేటప్పుడు తల్లితో ఇంకో సభ్యురాలు తోడు పోవాల. వైన్‌ల్యాండ్ ప్రశ్నలు అడిగినప్పుడు కొందరు తల్లులు సిగ్గుపడి, అన్నీ చేసుకుంటాడు సార్ అంటారు. ఆ మాటతో శాతం తగ్గిపోతుంది. కొద్దిపాటి మేధో వైకల్యానికి కూడా 50 శాతం లెక్క ఉంది, పింఛనుకు 40 చాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పాల. ఎక్కువ చేసి చెప్పగూడదు, తక్కువ చేసీ చెప్పగూడదు.

నాలుగు. బుద్ధి ఉండి మాట రాని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టగూడదు. బొమ్మలు చూపించి, కనుసైగతో, పలక మీద వేలు పెట్టి చెప్పే పద్ధతులున్నాయి. భవిత కేంద్రం టీచరును అడగాల.

ఐదు. బిడ్డకు 18 నిండే ఏడు తల్లికి గుర్తు చేయాల. సంరక్షకుల అర్జీ, నిరామయ బీమా, బ్యాంకు ఖాతా ఆ ఏడే చూసుకోవాల. ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించుకునే బంధువులు ఆ వయసు కోసమే కాచుకుని ఉంటారు.

ఆరు. తల్లికి వారంలో ఒక పూట తీరిక ఇవ్వాల. ముగ్గురు సభ్యులు వంతులు వేసుకుని ఆ బిడ్డ దగ్గర కూర్చుంటే, ఆ తల్లి మీటింగు చివరిదాకా ఉండగలుగుతుంది. దీనికి బ్యాంకు లింకేజీ అక్కర్లేదు.

చట్టం తన పాత మాటలు మార్చుకోవడానికి నూరేళ్లు పట్టింది. ఊరు మార్చుకోవడానికి అంత కాలం అక్కర్లేదు. సంఘం రిజిస్టరులో ఆ బిడ్డను పేరు పెట్టి రాసి, మీటింగులో ఆ పేరుతోనే పిలిస్తే, పక్కింటి పిల్లలు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. వచ్చే ఏడు నివేదికలో పొదుపు, అప్పు, వసూలు పక్కన ఇంకో గడి ఉండాలని కోరుకుంటున్నాం. మన గ్రామ సమాఖ్యలు ఎంతమంది బిడ్డలను ఇంట్లోంచి బయటికి తెచ్చినాయి అనే గడి.